తిరిగే చక్రం – తిరిగిరాని వేలు

లోహపు పని చేసే యంత్రాల దగ్గర భద్రత

బెజవాడ ఆటోనగర్ పేరు వినని లారీ డ్రైవరు దక్షిణ దేశంలో అరుదు. 1960ల దశకంలో ఊరికి తూర్పున వెలసిన ఈ పేటలో లారీ బాడీలు కట్టేవారు, క్రాంక్ షాఫ్టులు సానబట్టేవారు, కమాన్ కట్టలు సరిచేసేవారు, గేరుపళ్ళు కోసేవారు, రేడియేటర్లకు మాటు వేసేవారు ఒకరి పక్కన ఒకరుగా పనిచేస్తారు. ఒక షెడ్డులో లేత్ తిరుగుతుంటే, పక్క షెడ్డులో డ్రిల్లింగ్ మిషను, ఎదురుగా గ్రైండరు. ఎక్కడో ఉత్తర హిందూస్థానంలో తయారైన బండికి విడిభాగం దొరక్కపోతే, విరిగిన ముక్కను చేతిలో పట్టుకొని చూసి, సాయంత్రానికి కొత్తది చేసిచ్చే మేస్త్రీలు అక్కడ ఉన్నారు. మనం నాలుగేళ్ళు పుస్తకాల్లో చదివేదాన్ని వారు పన్నెండేళ్ళ వయసు నుంచి చేతులతో నేర్చుకున్నవారు.

ఆ చేతుల్నే కాస్త పరికించి చూస్తే మరో సంగతి కూడా తెలుస్తుంది. బహుకాలం పనిచేసిన మేస్త్రీలలో వేళ్ళు పదీ పూర్తిగా లేనివారు కనబడుతూనే ఉంటారు. "ఏమైంది బాబాయ్?" అని అడిగితే, "ఏముందయ్యా, ఒక్క క్షణం ఏమరుపాటు!" అంటారు. తప్పంతా తనదేనన్నట్టు చెబుతారు. విన్నవాళ్ళం మనమూ "పాపం, జాగ్రత్తగా ఉండవలసింది" అనుకుంటూ వచ్చేస్తాం.

ఈ వ్యాసం ఆ "జాగ్రత్త" అనే మాట గురించే. రోజుకు ఎనిమిది గంటలు, పది గంటలు, అందులోనూ రోహిణీ కార్తె ఎండల్లో రేకుల షెడ్డు కింద, ఏమరుపాటు లేకుండా ఉండటం మానవమాత్రుడికి సాధ్యం కాదు. అందుచేత మనిషి ఏమరినా వేలు మిగిలేటట్టు యంత్రాన్ని అమర్చడమే భద్రత. "జాగ్రత్త" అని గోడమీద ఎర్రరంగుతో రాయడం భద్రత కాదు. ఎందుకు కాదో లెక్క వేసి చూద్దాం.

పావు సెకను లెక్క

కన్ను చూసింది మెదడుకు చేరి, మెదడు ఆజ్ఞ చేతికి అంది, చెయ్యి కదలాలంటే ఎంత చురుకైనవాడికైనా సుమారు పావు సెకను పడుతుంది. సాధనతో దీన్ని కొంచెం తగ్గించుకోవచ్చుగాని, లేకుండా చేసుకోలేం.

ఇప్పుడు 200 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న లేత్ చక్ ఒకటి నిమిషానికి 600 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. ఇదేమీ పెద్ద వేగం కాదు. అంటే సెకనుకు 10 చుట్లు. చక్ చుట్టుకొలత సుమారు 63 సెంటీమీటర్లు. పావు సెకనులో చక్ రెండున్నర చుట్లు తిరుగుతుంది, దాని అంచు మీటరున్నర పైగా ప్రయాణం చేస్తుంది. మేస్త్రీ మెడలోని తువ్వాలు కొస చక్ దవడకు తగిలిందనుకోండి. తగిలిందని అతనికి తెలిసి, వెనక్కి లాగుదామని చెయ్యి కదిపే లోపలే మీటరున్నర గుడ్డ చుట్టుకుపోయింది. మామూలు తువ్వాలు పొడవే అంత. ఆ తర్వాత చుట్టుకోవడానికి మిగిలేది మెడే.

పోనీ, బలంగా పట్టుకొని లాగితే? మనిషి కొద్ది క్షణాలపాటు సర్వశక్తులూ ఒడ్డినా ఒక గుర్రపుశక్తికి అటూ ఇటూగా ఉంటాడు. చిన్న లేత్‌కు ఉండే మోటారే రెండు గుర్రపుశక్తులు. పైగా తిరుగుతున్న చక్ బరువులో దాగివున్న శక్తి వేరు. స్విచ్ కట్టేసినా బ్రేకు లేకపోతే చక్ మరికొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. ప్రఖ్యాత నర్తకి ఇసడోరా డంకన్ 1927 సెప్టెంబరులో ఫ్రాన్సు దేశపు నీస్ నగరంలో మరణించినది ఈ విధంగానే. ఆమె మెడలోని పొడుగాటి పట్టువస్త్రం కారు చక్రానికి చుట్టుకున్నది. కారు వేగంగా పోవలసిన పని కూడా లేదు.

ఈ లెక్క ఒప్పుకున్నవారు ఒక విషయం ఒప్పుకోక తప్పదు. ప్రమాదం మొదలైన తర్వాత మనిషి నేర్పు పనికిరాదు. చేయవలసిందంతా స్విచ్ వేయకముందే చెయ్యాలి.

ప్రమాదానికి నాలుగు ముఖాలు

యంత్రాలు నూరు రకాలైనా అవి మనిషిని గాయపరిచే తీరులు నాలుగే.

మొదటిది చుట్టుకోవడం. చక్, డ్రిల్లు, షాఫ్టు, బోల్టు తల – తిరిగేది ఎంత నున్నగా కనిపించినా సరే, గుడ్డనూ జుట్టునూ దారాన్నీ పట్టుకుంటుంది. చేతికి తొడుక్కున్న తొడుగు కూడా ఇక్కడ శత్రువే. రక్షణ కోసమని తొడుగు వేసుకొని డ్రిల్లు దగ్గర పనిచేస్తే, కొస దారం ఒకటి చిక్కినా తొడుగుతోపాటు వేలు పోతుంది. రేకును మోసేటప్పుడు తొడుగు ఉండాలి. తిరిగే యంత్రం ముందు ఉండకూడదు.

రెండవది లోపలికి లాక్కోవడం. దీన్ని చూడటానికి వర్క్‌షాపుకు పోనక్కరలేదు. వేసవిలో బీసెంటు రోడ్డులో చెరకు రసం బండి దగ్గర నిలబడండి. రెండు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతూ చెరకుగడను ఎలా మింగుతున్నాయో గమనించండి. మచిలీపట్నంలో రోల్డుగోల్డు పనివారు రేకును పలచన చేసే రోలరు, గేర్ల జత, కప్పీకి బెల్టు ఆనే చోటు – అన్నీ ఆ బండికి అన్నదమ్ములే. వాటికి చెరకుగడకూ చూపుడువేలికీ తేడా తెలియదు.

మూడవది కోయడం, నొక్కడం. పవర్ ప్రెస్సు, రేకు కత్తిరించే షియరింగ్ మిషను ఇందుకు ఉదాహరణలు. ప్రెస్సుకు పక్కన ఉండే బరువైన చక్రం మోటారు ఆపినా చాలాసేపు తిరుగుతుంది. "కట్టేశాంగదా" అని డై కింద చెయ్యిపెట్టి ముక్క తీయబోతే, కాలు పొరపాటున పెడలు మీద పడితే చాలు. ప్రెస్సుకు రెండు బటన్లు పెట్టి, రెండు చేతులూ రెండు బటన్ల మీద ఉంటేనే దెబ్బ పడేటట్టు అమర్చడం ఇందుకే. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే డై కింద ఉండటానికి మూడో చెయ్యి లేదు గదా! ఇంత సులువైన ఆలోచన ఎన్ని వేళ్ళను కాపాడగలదో ఊహించండి.

నాలుగవది ఎగిరి వచ్చి తగలడం. లేత్ మీద లేచే వేడి ఇనుప తురుము, గ్రైండరు రవ్వలు, పగిలిన రాతి ముక్కలు, చక్‌లోనే మరిచిపోయిన చక్ తాళం. స్విచ్ వేయగానే ఆ తాళం తుపాకిగుండులా వస్తుంది. దీనికి మంచి వర్క్‌షాపుల్లో ఒక నియమం ఉంది. తాళం ఉంటే చేతిలో ఉండాలి, లేదా గూట్లో ఉండాలి, చక్‌లో మాత్రం చెయ్యి తీసి ఉంచరాదు. స్ప్రింగు అమర్చిన తాళాలు కూడా ఉన్నాయి. చెయ్యి తీయగానే అదే బయటికి వచ్చేస్తుంది.

డ్రిల్లింగ్ మిషను దగ్గర జరిగే చిత్రం ఒకటి చెప్పాలి. పలచని రేకును చేత్తో పట్టుకొని బెజ్జం వేస్తున్నంతసేపూ ఏమీ కాదు. డ్రిల్లు అవతలివైపుకు పొడుచుకు వచ్చే చివరి క్షణాన రేకును పట్టేసి గిర్రున తిప్పుతుంది. అప్పుడది రేకు కాదు, కత్తి. వైసులోనో క్లాంపుతోనో బిగించడానికి ఒక్క నిమిషం పడుతుంది, అంతే.

పెద్ద విశ్వవిద్యాలయంలోనూ

ఇదంతా చదువురాని షెడ్డుల సంగతి, మనకేమిటి అనుకునేవారికి ఒక విషాద సంఘటన చెప్పాలి. 2011 ఏప్రిల్‌లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో, భౌతిక ఖగోళ శాస్త్రాలు చదువుతూ మరి కొద్దివారాల్లో పట్టా పుచ్చుకోవలసిన ఒక విద్యార్థిని, రసాయనశాస్త్ర భవనంలోని వర్క్‌షాపులో రాత్రివేళ లేత్ మీద పనిచేస్తుండగా జుట్టు చిక్కుకొని మరణించింది. ఆ సమయంలో ఆమె ఒంటరిగా ఉంది. అమెరికా ప్రభుత్వ వృత్తి భద్రతా సంస్థ విచారించి, ఆ పాత లేత్‌కు ఉండవలసిన రక్షణ కవచం, అత్యవసరంగా ఆపే బటను లేవని ఎత్తి చూపింది. విశ్వవిద్యాలయం ఆ నిర్ణయాలతో ఏకీభవించలేదు. అయితే వర్క్‌షాపులను ఎవరు, ఎప్పుడు వాడవచ్చు అనే విషయంలో నిబంధనలను కట్టుదిట్టం చేసింది.

ప్రపంచంలోని పేరుపొందిన విద్యాలయాలలో ఒకటి. తెలివైన విద్యార్థిని. తెలివి తక్కువై జరిగిన ప్రమాదం కాదిది. పరీక్షలకు ముందు ప్రాజెక్టు పూర్తి చెయ్యాలన్న తొందర, అర్ధరాత్రి అలసట, పక్కన ఎవరూ లేకపోవడం – ఈ మూడూ మన కళాశాలల్లోనూ ఉన్నవే. వర్క్‌షాపులో ఒంటరిగా యంత్రం నడపరాదన్న నియమం మీ స్వేచ్ఛకు అడ్డుపుల్ల కాదు. చిక్కుకున్న మనిషి చెయ్యి స్విచ్‌కు అందదు గనుక, అందుకునే మరో చెయ్యి పక్కన ఉండాలని.

సానరాయి తత్వం

గ్రైండరును చాలామంది సాధువుగా భావిస్తారు. దానికి పళ్ళు లేవు, కత్తి లేదు. కాని 200 మిల్లీమీటర్ల రాయి నిమిషానికి 2850 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు దాదాపు 30 మీటర్లు, అంటే గంటకు 107 కిలోమీటర్లు. చిన్న బీట ఉన్నా రాయి పగిలి ఆ వేగంతోనే ముక్కలు వస్తాయి. వేగం రెట్టింపైతే రాతిని చీల్చే ఒత్తిడి నాలుగు రెట్లవుతుందని భౌతికశాస్త్రం చదివినవారందరికీ తెలుసు.

చేతిలో పట్టుకొనే యాంగిల్ గ్రైండరు సంగతి ఇంకా తీవ్రం. నాలుగంగుళాల యంత్రం నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. దానికి తగిన బిళ్ళ అంచు వేగం సెకనుకు 58 మీటర్ల దాకా ఉంటుంది. బిళ్ళలు సాధారణంగా 80 మీటర్ల వరకు తట్టుకొనేట్టు తయారుచేస్తారు. కొందరు గార్డు ఊడదీసి, "లోతుగా కోస్తుంది" అని దానికి ఏడంగుళాల బిళ్ళ బిగిస్తారు. అప్పుడు అంచు వేగం సెకనుకు 100 మీటర్లు దాటిపోతుంది. హద్దు మీరిన బిళ్ళ, అడ్డంలేని ముఖం! బిళ్ళ మీద ఎంత వేగం వరకు వాడవచ్చో అచ్చువేసే ఉంటుంది. చదవడానికి అర నిమిషం.

బెంచి గ్రైండరుకు కొత్త రాయి బిగించేముందు ఒక పరీక్ష ఉంది. కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు వేలితో మీటి చూసేవారు గదా, సరిగ్గా అదే. రాయిని బెజ్జంలో వేలు దూర్చి వేలాడదీసి, స్క్రూడ్రైవరు కర్రపిడితో మెల్లిగా తట్టాలి. ఖంగుమంటే మంచిది. బొద్దుగా మోగితే లోపల బీట ఉందని అర్థం, పారెయ్యాలి. బిగించిన తర్వాత ముందు నిలబడకుండా ఓ పక్కకు జరిగి, ఒక నిమిషం ఖాళీగా తిప్పాలి. పనిముట్టు ఆనించే పీట రాతికి 3 మిల్లీమీటర్ల కన్న ఎడంగా ఉండరాదు. ఎడం ఎక్కువైతే ముక్క ఆ సందులో ఇరుక్కొని రాతినే పగలగొడుతుంది.

"అడ్డం వస్తోందండీ!"

గార్డు ఎందుకు తీశావని కుర్రవాణ్ణి అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "అడ్డం వస్తోందండీ!" యజమానిని అడిగితే, "వాళ్ళే ఊడదీస్తారు, మనమేం చేస్తాం?" అంటాడు. ఇద్దరూ చెప్పేది నిజమే. రేకుతో గుడ్డిగా చేసిన గార్డు పనిని కనబడనివ్వదు. ప్రతిసారీ నాలుగు బోల్టులు విప్పి బిగించాలంటే రోజుకు ఇరవై ముక్కలు తయారయ్యేచోట పదిహేనే అవుతాయి. ముక్కల లెక్కన కూలి పుచ్చుకునేవాడు గార్డు తీసేయక ఏం చేస్తాడు?

కాబట్టి తప్పు కుర్రవాడిది మాత్రమే కాదు, గార్డు చేసినవాడిది కూడా. పని కనబడేటట్టు పాలీకార్బొనేటు పలకతో, ఒక్క చేత్తో ఎత్తి దించేటట్టు మడతబందు పెట్టి, గార్డు ఎత్తితే మోటారు ఆగిపోయేటట్టు చిన్న లిమిట్ స్విచ్ అమరిస్తే దాన్ని ఊడదీయాలన్న కోరికే పుట్టదు. ఇది కొత్తగా కనిపెట్టవలసినది కాదు. మంచి కార్ఖానాల్లో ఎప్పటినుంచో ఉన్నదే.

కరెంటు పోయి వచ్చినప్పుడు

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. లేత్ తిరుగుతుండగా కరెంటు పోతుంది. కుర్రవాడు టీ తాగి వచ్చి, ఆగివున్న చక్‌లో చెయ్యిపెట్టి ముక్క విప్పుతుంటాడు. అప్పుడే కరెంటు వస్తుంది.

సరైన స్టార్టరు ఉంటే ఏమీ కాదు. అందులోని కాయిలు కరెంటు పోగానే పట్టు వదిలేస్తుంది, మళ్ళీ పచ్చబటను నొక్కితేగాని మోటారు తిరగదు. కాని స్టార్టరు చెడిపోయినప్పుడు ఖర్చు కలిసివస్తుందని నేరుగా మెయిన్ స్విచ్‌కే తీగలు కలిపిన మోటార్లు ఎన్నో. రైతు బిడ్డలకు ఇది సులువుగా అర్థమవుతుంది. మెట్ట పొలాల్లో బోరు మోటారుకు, రాత్రి ఏ వేళ కరెంటు వచ్చినా తనంతట తానే తిరగాలని ఆటో స్టార్టరు పెడతాం. నీళ్ళ మోటారుకు వరమైన ఆ గుణమే లేత్‌కు మృత్యువు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పేటలకు పేటలే మునిగినప్పుడు ఎందరి ఇళ్ళలోనో, దుకాణాల్లోనో మోటార్లు నీళ్ళలో నానాయి. అలా నానిన మోటారును ఎండబెట్టి, మెగ్గరుతో ఇన్సులేషను పరీక్షించి, ఎర్తు సరిచూసుకోకుండా స్విచ్ వేస్తే యంత్రం ఇనుపశరీరమంతా విద్యుత్తు పాకుతుంది. వర్షాకాలంలో తడినేల మీద చెప్పులు లేకుండా నిలబడేవారికి ఎర్తు తీగ ప్రాణరక్ష.

చట్టం ఏమంటుంది?

యంత్రాలకు కంచె వేయాలన్న ఆలోచన పాతది. ఇంగ్లండులో 1844లోనే చట్టమైంది. మన దేశానికి 1881 ఫ్యాక్టరీల చట్టంతో వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 21వ సెక్షను, ప్రమాదకరమైన కదిలే భాగాలకు దృఢమైన రక్షణ ఉండాలనీ, యంత్రం తిరుగుతున్నంతసేపూ అది చోటు కదలకూడదనీ శాసించింది. తిరిగే యంత్రం దగ్గరికి పోవలసినవాడు ఒంటికి అతుక్కునే బట్టలు ధరించాలనీ, వాటిని యజమానే ఇవ్వాలనీ 22వ సెక్షను చెప్పింది. కళ్ళకు అద్దాల సంగతి 35వ సెక్షనులో ఉండేది.

అయితే ఆ చట్టం విద్యుత్తు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది పనివాళ్ళు ఉంటేనే మామూలుగా వర్తించేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యలను 20, 40గా పెంచింది. 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమలులోకి వచ్చినట్లు కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఒక మేస్త్రీ, ముగ్గురు కుర్రాళ్ళు ఉండే ఆటోనగర్ షెడ్డు ఆ గీతకు అప్పుడూ ఇవతలే, ఇప్పుడూ ఇవతలే. ఇన్‌స్పెక్టరు రాడు. గార్డు లేదని అడిగేవాడుండడు.

నష్టపరిహారం సంగతి వేరు. 1923 నాటి పరిహార చట్టానికి ఒక పట్టిక ఉండేది. బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం, చిటికెనవేలు మొత్తం పోతే 7 శాతం సంపాదనాశక్తి పోయినట్టు అందులో లెక్క. వేలికింతని ధర కట్టినట్టుండే ఆ పట్టికను ప్రతి ఇంజనీరింగు విద్యార్థీ ఒకసారి చదవాలి. బొటనవేలు లేని చేత్తో మైక్రోమీటరు తిప్పి చూస్తే 30 శాతం అంటే ఏమిటో తెలుస్తుంది.

జరిగిపోతే ఏం చెయ్యాలి?

మొట్టమొదట స్విచ్. మనిషిని లాగడానికి పరుగెత్తవద్దు, మెయిన్ కట్టెయ్యండి. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, చేతిని గుండెకన్న ఎత్తున ఉంచాలి. కాఫీపొడి, పసుపు అద్దడం వద్దు. వేలు తెగిపడితే దాన్ని పారేయవద్దు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, ఆ సంచిని మంచుగడ్డల మధ్య ఉంచి, మనిషితోపాటే ఆసుపత్రికి తీసుకుపోవాలి. వేలిని నేరుగా మంచులో పెడితే కణజాలం చెడిపోతుంది, ఇక అతకదు. 108కి ఫోను చెయ్యడం మరవద్దు.

కంట్లో నలుసు పడితే పక్కవాడు చీరపోగుతోనో గుడ్డకొసతోనో తీయడం మన షెడ్డుల్లో ఆచారం. అది మానాలి. ఇనుప నలుసు కంటిపొర మీద ఒకరోజు ఉంటే చాలు, తుప్పు వలయం ఏర్పడుతుంది. సుత్తి దెబ్బకు ఎగిరిన ముక్క కంటిలోపలికే దూసుకుపోవచ్చు. పైకి చిన్న ఎర్రచారగా కనిపించి, కొన్ని నెలల్లో చూపు పోగొడుతుంది. నొప్పి తగ్గిందని ఊరుకోక కంటి డాక్టరుకు చూపించాలి.

మన ఎండకు తగ్గ భద్రత

చలిదేశాల పుస్తకాల్లో ఉన్నట్టు నిలువెల్లా కప్పే దుస్తులు వేసుకోమంటే, మే నెలలో బెజవాడలో ఎవరూ వినరు. వినకపోవడంలో న్యాయం ఉంది. ఒంటికి అతుక్కునే పొట్టిచేతుల నూలు బనియను, బిగువైన ప్యాంటు, ముందు మూసివుండే బూట్లు, కళ్ళద్దాలు – ఇవి చాలు. లుంగీ, తువ్వాలు, చేతి ఉంగరం, కాశీదారం, మెడలో గొలుసు యంత్రం ముందు పనికిరావు. జుట్టు పొడవుగా ఉంటే ముడివేసి టోపీలో దోపాలి. షెడ్డులో గాలి ఆడే ఏర్పాటు, తాగడానికి నీళ్ళు కూడా భద్రతలో భాగమే. ఎండదెబ్బకు కళ్ళు తిరిగినవాడికి గార్డు కూడా కొంతవరకే సాయపడగలదు.

మనం చేయగలిగింది

ఆటోనగర్‌కు ఆనుకొనే కానూరులో 1977 నుంచి సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. పాలిటెక్నిక్‌లు, ఐటిఐలు ఉన్నాయి. ప్రతి ఏటా మనలో ఎంతోమంది ప్రాజెక్టు విడిభాగాలు చేయించుకోవడానికి ఆ షెడ్డులకే పోతున్నాం. మేస్త్రీ నేర్పును వాడుకుంటున్నాం, మార్కులు తెచ్చుకుంటున్నాం. బదులుగా ఇచ్చిందేమిటి?

జాతీయ సేవా పథకం కింద పల్లెలకు పోయి రోడ్లు వేస్తాం, మొక్కలు నాటుతాం. ఒక ఏడాది ఆ శిబిరం ఆటోనగర్‌లోనే పెడితే ఎలా ఉంటుంది? ఒక్కో జట్టు ఒక్కో వీధి తీసుకొని, ఎన్ని మోటార్లకు సరైన స్టార్టరు లేదో, ఎన్ని గ్రైండర్లకు గార్డు లేదో రాసుకు వస్తే, చివరి సంవత్సరం విద్యార్థులకు పనికివచ్చే ప్రాజెక్టులు డజను దొరుకుతాయి. పాత లేత్‌కు చౌకలో మడతగార్డు, ప్రెస్సుకు రెండు బటన్లు, పెడలు మీద పొరపాటు కాలు పడకుండా మూత – వీటిని ఆ మేస్త్రీల చేతనే చేయించి, వారు "అడ్డం వస్తోంది" అన్నప్పుడల్లా మార్చి మార్చి, అడ్డం రానంతవరకు దిద్దాలి. ఈ పరీక్షలో పాసైతే నిజంగా పాసైనట్టే.

దీనికి రోజు కూడా సిద్ధంగానే ఉంది. జాతీయ భద్రతా దినమైన మార్చి 4 కన్న మన వారికి దసరా దగ్గర. ఆయుధపూజ నాడు ఆటోనగర్‌లో యంత్రాలు ఆగుతాయి. నూనె మడ్డి కడిగి, పసుపుకుంకుమలు పెట్టి, నిమ్మకాయలు కడతారు. ఏడాది పొడుగునా చెయ్యి ఖాళీలేని మేస్త్రీ, యంత్రాన్ని నింపాదిగా చూసే పూట అది. ఆ ముందురోజు మనం స్టార్టరు, గార్డు, నాలుగు జతల కళ్ళద్దాలు పట్టుకొని వెళ్ళి, "మేస్త్రీ గారూ, పూజకు ముందు ఇవి కూడా బిగిద్దామండీ" అంటే ఆయన కాదనడు. ఈ సంచికలోని మాటలు చదివి ఊరుకోకుండా, రాబోయే దసరాకు పదిమంది పేర్లు ఇవ్వండి. వీధుల పట్టిక తయారుచేసే పని ఈ వారంలోనే మొదలుపెట్టవచ్చు.